అప్పు తప్పిందని ఎవరు చెప్పాలి?

ఆషాఢ మాసం. పొద్దుటి నుంచి వాన. అరకు లోయలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి సంఘంలో పదిమంది ఆడవాళ్లు ఉన్నారు. నెలకొకసారి బడి అరుగు మీద కూర్చుంటారు. ఆ రోజు తొమ్మిదిమందే వచ్చారు.

"చిన్నమ్మి రాలేదేటి?" అని అడిగింది లీడరు.

"కొడుక్కి జ్వరం. ఆసుపత్రికి తీసుకుపోయింది" అంది పక్కింటి పిన్ని.

"వాయిదా డబ్బు పంపిందా?"

"లేదమ్మా. జీపు ఖర్చుకే ఇబ్బంది పడింది. ఇంక వాయిదా ఎక్కడ?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘం బ్యాంకులో అప్పు తీసుకుంది. వచ్చే వారం వాయిదా కట్టాలి. చిన్నమ్మి వాటా అయిదు వందలు.

"అయితే చిన్నమ్మి అప్పు తప్పినట్టేనా?" అంది ఒకామె.

మూల కూర్చున్న ముసలవ్వ నవ్వింది. "మా కాలంలో ఆ మాట మేం అనేవాళ్లం కాదు. షావుకారు అనేవాడు. ఆయన తప్పిందంటే తప్పినట్టే. లెక్క ఆయన దగ్గరే ఉండేది కదా" అంది.

ముసలవ్వ చెప్పింది చిన్న మాట కాదు. అప్పు తప్పడం ఒక సంగతి. తప్పిందని ఎవరు చెప్పాలి అన్నది ఇంకో సంగతి. ఈ పాఠం ఆ రెండింటి గురించి.

వానాకాలం అప్పు

కొండల్లో ఆషాఢం, శ్రావణం కరువు నెలలు. పాత గింజలు అయిపోతాయి. కొత్త పంట ఇంకా రాదు. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకుని బతికిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. విత్తనం కావాలన్నా, ఉప్పు కావాలన్నా, మందు కావాలన్నా ఆ నెలల్లో అప్పే దారి.

షావుకారు సంతలో ఉంటాడు. అడిగిన వెంటనే ఇస్తాడు. కాగితం అడగడు, ఆఫీసుకు తిప్పడు. అది నిజమే. అందుకే అందరూ ఆయన దగ్గరికే పోయేవారు. ఇప్పటికీ పోతున్నవారు ఉన్నారు.

ఒక లెక్క చూద్దాం. ఒకామె ఆషాఢంలో 2,000 రూపాయలు తీసుకుంది. వడ్డీ నూటికి అయిదు రూపాయలు. అంటే నెలకు నూరు రూపాయలు. ఆరు నెలల తరువాత పంట వచ్చింది. వడ్డీ 600 అయింది. మొత్తం 2,600 కట్టాలి. ఇంతవరకు ఎవరైనా లెక్క కట్టగలరు.

కాని షావుకారు ఇంకో మాట కూడా అన్నాడు. "నీ సరుకు నాకే అమ్మాలి సుమా." ఆమె సరేనంది. ఆమె దగ్గర 60 కిలోల సరుకు ఉంది. సంతలో ఉన్న ధర కంటే ఆయన కిలోకు పది రూపాయలు తక్కువ వేశాడు. అక్కడ ఇంకో 600 పోయింది. ఇది వడ్డీ అని ఎవరూ అనలేదు. ఏ పుస్తకంలోనూ రాయలేదు. అయినా అది వడ్డీయే. రెండూ కలిపితే 1,200. అంటే అసలు వడ్డీ నూటికి అయిదు కాదు, పది. తూకంలో తేడా ఉంటే అది వేరే.

సరుకు చేతికి రాకపోతే? వాన ఎక్కువై పంట పాడైతే? అప్పుడు పాత అప్పు కొత్త అప్పు అవుతుంది. వడ్డీ కూడా అసలులో కలుస్తుంది. వేలిముద్ర మళ్లీ పడుతుంది.

గొత్తి

ముసలవ్వ వాళ్ల తాత కాలంలో అప్పు తప్పితే డబ్బుతో తీరేది కాదు. మనిషితో తీరేది. అప్పు తీరేదాకా ఆ మనిషి షావుకారు ఇంట్లో, పొలంలో పని చెయ్యాలి. విశాఖ ఏజెన్సీలోను, పక్కనున్న ఒడిశా కొరాపుట్ కొండల్లోను దీన్ని గొత్తి అనేవారు. చేసిన పనికి కట్టే కూలి వడ్డీకే సరిపోయేది. అసలు అలాగే ఉండేది. తండ్రి తరువాత కొడుకు అదే ఇంటికి పోయేవాడు. గోపీనాథ్ మహంతి అనే ఒడియా రచయిత 1945లో 'పరజా' అనే నవల రాశాడు. కొరాపుట్ కొండల్లోని ఒక తండ్రి, అతని కొడుకులు గొత్తికి పోయిన కథ అది.

ఆ రోజుల్లో ఎన్నేళ్లు పని చేస్తే ఎంత తీరింది అని ఎవరు చెప్పేవారు? షావుకారే. రాసేది ఆయనే, చదివేది ఆయనే. అప్పు తీసుకున్నవాడికి ఒకటి అంకె కూడా రాదు.

మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీలో ఈ పద్ధతిని నిషేధిస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. కాగితం మీద పోయింది గాని కొండ మీద పోలేదు. 1976లో దేశమంతటికీ వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టంలో పాలేరు, వెట్టి అనే మాటలు కూడా పేరు పెట్టి రాశారు. ఆ చట్టం ప్రకారం వెట్టి కోసం పెట్టిన అప్పు తీర్చనక్కరలేదు. ఎవరూ అడగకూడదు కూడా.

మనిషి తరువాత భూమి. అప్పు తీరలేదని చెప్పి భూములు రాయించుకోవడం కొండల్లో చాలా జరిగింది. దీన్ని ఆపడానికి 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు. అదే అందరూ అనే 1/70. ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మినా, తాకట్టు పెట్టినా ఆ కాగితం చెల్లదు. అందుచేత ఏ షావుకారైనా "అప్పు తప్పావు, పొలం రాయి" అంటే భయపడి వేలిముద్ర వేయనక్కరలేదు. 1960లో ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. దాని ప్రకారం ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. సంతలో అప్పు ఇచ్చేవాడిని "లైసెన్సు ఉందా బాబూ?" అని అడిగినవాళ్లు ఎంతమంది ఉంటారో గాని, అడిగే హక్కు మాత్రం ఉంది.

అంతకు ముందే, 1956లో, విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థను పెట్టారు. అందరూ జీసీసీ అంటారు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు వంటివి కొనడం, బియ్యం, ఉప్పు అమ్మడం దాని పని. సరుకు అమ్మడానికి ఇంకో చోటు ఉంటే షావుకారు ధర ఒక్కటే ధర కాదు. పైన లెక్కలో పోయిన రెండో 600 గుర్తుంది కదా.

బ్యాంకు ఎప్పుడు తప్పింది అంటుంది?

బ్యాంకు నోటితో చెప్పదు. రోజులు లెక్కపెడుతుంది.

వాయిదా తేదీ దాటగానే అది బకాయి. బకాయి 90 రోజులు దాటితే దాన్ని మొండి బకాయి కింద రాసుకుంటారు. పంట అప్పుకు వేరే లెక్క. పంట కాలాన్ని బట్టి చూస్తారు. తక్కువ కాలంలో వచ్చే పంటకు రెండు పంట కాలాలు, ఎక్కువ కాలం పట్టే పంటకు ఒక పంట కాలం దాటాలి. ఈ నియమాలు రిజర్వు బ్యాంకు పెట్టినవి. ఇందులో ఒక మేలు ఉంది. మేనేజరుకు కోపం వచ్చినా 20 రోజులను 90 రోజులు చెయ్యలేడు. తేదీ రెండువైపులా ఒకటే. ఆ తేదీ పాసుపుస్తకంలో ఉంటుంది. చదవడం వస్తే ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంకో చోట కూడా రాసుకుంటారు. ఎవరు ఏ అప్పు తీసుకున్నారు, సరిగా కట్టారా లేదా అని లెక్క ఉంచే కంపెనీలు ఉన్నాయి. వాటిలో సిబిల్ అనే పేరు ఎక్కువగా వినబడుతుంది. అది 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తుంది. మార్కులు తగ్గితే రేపు ఇంకో బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది. ఇంకొకరి అప్పుకు జామీను సంతకం పెట్టినవారికి కూడా ఇది వర్తిస్తుంది. అక్క మొగుడనో, పక్కింటివారనో మొహమాటపడి సంతకం పెడతారు. వారు కట్టకపోతే బ్యాంకు జామీనుదారుని అడుగుతుంది. సంతకం నేర్చుకున్న కొత్తలో ఎక్కడ పెట్టమన్నా పెట్టాలని ఉత్సాహంగా ఉంటుంది. కాగితం చదివిన తరువాతే పెట్టడం మంచిది.

వడ్డీలో ఏముంది?

ఒక షావుకారు పదిమందికి వెయ్యేసి రూపాయలు ఇచ్చాడనుకుందాం. మొత్తం పదివేలు. ఒకడు ఊరు విడిచి పోయాడు. వెయ్యి మునిగింది. ఆ వెయ్యి ఎవరి దగ్గర రాబట్టాలి? మిగతా తొమ్మిదిమంది దగ్గర. ఒక్కొక్కరి మీద సుమారు 111 రూపాయలు పడుతుంది. సరిగా కట్టినవారు ఎగ్గొట్టినవాడి భారం మోస్తారు. కట్టడేమో అనే భయానికి కూడా వడ్డీలో ధర ఉంటుంది. దీన్నే పెద్ద బజారులో రిస్కు అంటారు.

ఎదుటివాడి మీద నమ్మకం ఉంటే ఈ ధర తగ్గుతుంది. సంఘాలకు బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇవ్వడానికి ఇది ఒక కారణం. 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. పొలం తాకట్టు లేదు, బంగారం లేదు. పదిమంది ఒకరికొకరు పూచీ. ఒకరు కట్టలేకపోతే తొమ్మిదిమంది ఊరుకోరు అని బ్యాంకు నమ్మకం. ఆంధ్రప్రదేశ్‌లో సంఘాలు బాగా పెరిగాయి. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. షావుకారు అయిదు రూపాయల వడ్డీ ఏడాదికి అరవై అవుతుంది. మూడెక్కడ, అరవై ఎక్కడ!

అయితే పదిమంది పూచీ అనేది రెండు వైపులా పదునున్న కత్తి. అది 2010లో తెలిసింది.

2010లో జరిగింది

ఆ రోజుల్లో మైక్రో ఫైనాన్సు కంపెనీలు ఊరూరా తిరిగేవి. ఎస్‌కెఎస్, స్పందన, షేర్ వంటి పెద్ద కంపెనీలు హైదరాబాదు నుంచే పనిచేసేవి. అవి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి, ఎక్కువ వడ్డీకి ఆడవాళ్ల గుంపులకు ఇచ్చేవి. వాయిదా వారానికి ఒకసారి. వారం వారం కూలి దొరుకుతుందా అని ఎవరూ అడగలేదు. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకున్నారు. ఒకే ఇంట్లో మూడు, నాలుగు అప్పులు పోగయ్యాయి. ఎవరైనా కట్టలేకపోతే గుంపంతా వారి గుమ్మం ముందు కూర్చోవాలి. నిన్నటి దాకా అక్కా, వదినా అని పిలుచుకున్నవాళ్లే నిలదీశారు. అవమానం భరించలేక ఆత్మహత్యలు చేసుకున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో ఎస్‌కెఎస్ వాటాలు షేరు బజారుకెక్కాయి.

2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి. వాయిదా వారానికి కాదు, నెలకు. వసూలు ఇంటి గుమ్మం దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు దగ్గర. వడ్డీ అసలును మించకూడదు. బెదిరిస్తే శిక్ష.

అప్పుడేమైంది? జనం కట్టడం మానేశారు. అంతకు ముందు దాదాపు అందరూ కట్టేవారు. తరువాత నూరు రూపాయలు రావలసిన చోట పది వసూలు కావడమే కష్టమైంది. కంపెనీలకు డబ్బు రాలేదు. కంపెనీలు బ్యాంకులకు కట్టలేకపోయాయి. 2011లో బ్యాంకులు కొన్ని కంపెనీలతో కూర్చుని గడువులు మార్చి కొత్త ఒప్పందాలు రాసుకున్నాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆడవాళ్లు కట్టలేకపోతే గుమ్మం ముందు గుంపు. కంపెనీ కట్టలేకపోతే బల్ల చుట్టూ కూర్చుని కొత్త గడువు. రెండూ అప్పు తప్పడమే.

ఇంకో అనుభవం కూడా ఉంది. 2014 ఎన్నికలప్పుడు డ్వాక్రా అప్పులు మాఫీ అవుతాయనే మాట ఊరూరా వినిపించింది. ఆ మాట నమ్మి కొన్ని సంఘాలు కట్టడం ఆపాయి. మాట గాలిలో ఉంది గాని వడ్డీ మాత్రం ఖాతాలో పెరిగింది. మాఫీ అని ఎవరన్నా పాసుపుస్తకంలో రాసేదాకా అప్పు అప్పే.

2022లో రిజర్వు బ్యాంకు చిన్న అప్పులకు కొత్త నియమాలు పెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి పూచీ లేకుండా ఇచ్చే అప్పు మైక్రో ఫైనాన్సు అప్పు. ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అంటే నెలకు 8,000 వచ్చే ఇంటిలో వాయిదాలన్నీ కలిపి 4,000 మించేలా అప్పు ఇవ్వకూడదు. బెదిరించి వసూలు చేయకూడదు.

దేశాలు కూడా తప్పుతాయి

అప్పు తప్పేది పేదవాళ్లే అనుకోకండి. అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు ఉండేది. 1850లో పెట్టింది. ఇళ్లు కొనుక్కోవడానికి ఇచ్చిన అప్పుల మీద అది చాలా డబ్బు పెట్టింది. తీర్చగలరా లేదా అని చూడకుండా ఇచ్చిన అప్పులు చాలా ఉన్నాయి. అవి మునిగాయి. 2008 సెప్టెంబరు 15న ఆ బ్యాంకు దివాలా తీసింది.

పెద్ద బజారులో ఒక వింత వ్యాపారం ఉంది. ఒకరు అప్పు తప్పుతారేమో అని ఇంకొకరి దగ్గర బీమా లాంటిది కొనుక్కోవచ్చు. అప్పు ఇచ్చినవాడు కొంటే అర్థముంది. ఇవ్వనివాడు కూడా కొనవచ్చు. పక్కింటి గడ్డి కప్పు కాలిపోతే మీకు డబ్బు వస్తుందనుకోండి. అప్పుడు ఆ ఇల్లు ఉండాలని కోరుకుంటారా, కాలాలని కోరుకుంటారా? ఏఐజి అనే బీమా కంపెనీ ఇలాంటివి లెక్కకు మించి అమ్మింది. లేమాన్ పడిన మరునాడే అదీ పడబోయింది. అమెరికా ప్రభుత్వ బ్యాంకు 8,500 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చి నిలబెట్టింది.

ఆ బీమా డబ్బు ఎప్పుడు ఇవ్వాలి? అప్పు తప్పిందని తేలినప్పుడు. దాన్ని ఆ బజారువాళ్లు క్రెడిట్ ఈవెంట్ అంటారు. దివాలా తీస్తే క్రెడిట్ ఈవెంట్. గడువుకు కట్టకపోతే క్రెడిట్ ఈవెంట్. కట్టలేక గడువు మార్పించుకున్నా, అసలు తగ్గించుకున్నా చాలాసార్లు అదీ క్రెడిట్ ఈవెంటే. ఇది షావుకారు ఒక్కడు చెప్పేది కాదు. దానికి ఒక కమిటీ ఉంది.

2012లో గ్రీసు దేశం తన అప్పులు తీర్చలేకపోయింది. అప్పు ఇచ్చినవారిని తక్కువ తీసుకోమంది. ఆ ఏడాది మార్చి 1న కమిటీ కూర్చుని "ఇంకా క్రెడిట్ ఈవెంట్ కాలేదు" అంది. ఒప్పుకోనివారిని కూడా బలవంతంగా ఒప్పించే నియమాన్ని గ్రీసు వాడుకుంది. అప్పుడు మార్చి 9న "ఇప్పుడు అయింది" అంది కమిటీ. ఎనిమిది రోజుల్లో లేదు అన్నది అవును అయింది. ఆ కమిటీలో ఉండేది ఎవరు? ఎక్కువగా ఆ బజారులో వ్యాపారం చేసే పెద్ద బ్యాంకులే. షావుకారు పుస్తకం కథ ఇక్కడ కూడా కొంచెం కనబడుతుంది. కాని వాళ్లు తేదీ వేసి, కారణం రాసి, అందరికీ చదవడానికి పెడతారు. షావుకారు పెట్టలేదు. శ్రీలంక కూడా 2022లో బయటి దేశాల అప్పు కట్టలేమని చెప్పేసింది. దేశానికి వెట్టి చాకిరీ వెయ్యరు. కూర్చుని గడువు మాట్లాడతారు.

మళ్లీ అరుగు దగ్గర

వాన కాస్త తగ్గింది. చిన్నమ్మి వచ్చింది. చీర తడిసిపోయింది. కొడుక్కి జ్వరం తగ్గిందని చెప్పింది. వాయిదా మాట తనే ఎత్తింది.

"ఈ నెల కట్టలేనప్పా. కాఫీ పండు దిగితే కట్టేస్తాను" అంది.

"మరి బ్యాంకుకి ఏటి చెప్తాం?" అంది పిన్ని.

లీడరు లెక్క తీసింది. సంఘం పొదుపు డబ్బు పెట్టెలో ఉంది. అందులోంచి అయిదు వందలు చిన్నమ్మి పేర అప్పు రాసి బ్యాంకు వాయిదా కట్టవచ్చు. చిన్నమ్మి డిసెంబరులో సంఘానికి తీరుస్తుంది. వడ్డీ నూటికి నెలకు రూపాయి. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. "రేపు నాకూ అవసరమొస్తే ఇలాగే ఇస్తారా?" అని ఒకామె గట్టిగానే అడిగింది. అడగవలసిన మాటే. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి రోగం, పురుడు, చావు, పంట నష్టం, ఈ నాలుగు కారణాలకు ఏడాదికి ఒకసారి గడువు ఇవ్వాలని అనుకున్నారు. కల్లు, పెళ్లి విందు వంటి వాటికి ఇవ్వకూడదన్నారు.

లీడరు తీర్మానాల పుస్తకంలో రాసింది. చిన్నమ్మికి ఇచ్చి చదవమంది. చిన్నమ్మి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. చివర ఆగింది.

"ఇందులో తేదీ లేదప్పా" అంది.

లీడరు నాలుక కరుచుకుంది. పుస్తకం తీసుకుని తేదీ వేసింది. తీర్చవలసిన నెల కూడా రాసింది. చిన్నమ్మి సంతకం పెట్టింది. ముసలవ్వ ఆ పేజీని దగ్గరికి లాక్కుని, తన పేరు ఎక్కడ రాయాలో చూపించమంది.

ఈ లెక్క చేయండి: చిన్నమ్మి సంఘం దగ్గర 500 రూపాయలు తీసుకుంది. వడ్డీ నూటికి నెలకు ఒక రూపాయి. జూలై నుంచి డిసెంబరు వరకు అయిదు నెలలు. ఆమె మొత్తం ఎంత కట్టాలి? ఇదే డబ్బు నూటికి అయిదు రూపాయల వడ్డీకి షావుకారు దగ్గర తీసుకుని ఉంటే ఎంత కట్టేది? రెండూ పలక మీద రాసి, పక్కామెకు చదివి వినిపించండి.